కువైట్ నుంచి వచ్చిన ఇత్తడి గొట్టం: ఏ సెల్ వెయ్యాలి, ఏ కాయిల్ చుట్టాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. వయసు 24. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఐదేళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను, రోజుకి పది పన్నెండు. మానేద్దామని ఉంది. మా బావ కువైట్ నుంచి వస్తూ మెకానికల్ వేప్ (చిప్ లేని ఈ-సిగరెట్) ఒకటి తెచ్చిచ్చాడు. ఇత్తడి గొట్టం, కింద బటన్, పైన కాయిల్ బిగించి నికోటిన్ లిక్విడ్‌ని ఆవిరి చేసే ఆటమైజర్. సెల్, కాయిల్ మాత్రం లేవు. "దీంట్లో చిప్ లేదురా, చెడిపోయేది ఏమీ లేదు, నువ్వే సెట్ చేసుకో" అన్నాడు. ఫ్రెండు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి ఐదు 18650 సైజు లిథియం సెల్స్ ఇచ్చాడు. ఆన్‌లైన్‌లో 9800 ఎంఏహెచ్ అని రాసి ఉన్న సెల్ ఒకటి 150 రూపాయలకి కొన్నాను. గాంధీ రోడ్డులో కరెంటు స్టవ్ కాయిల్ తెచ్చి, ఆ తీగతో రెండు కాయిల్స్ చుట్టి బిగించాను. మల్టీమీటర్ పెడితే 0.7 ఓమ్స్ చూపించింది. ఇంకా బటన్ నొక్కలేదు. మన తిరుపతిలోనే లిథియం సెల్ ఫ్యాక్టరీ ఉందంటున్నారు, అక్కడి సెల్ దీనికి పనికొస్తుందా? వీటిలో ఏది వెయ్యాలి, కాయిల్ సరిపోతుందా చెప్పన్నా.
ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: తమ్ముడూ, బటన్ నొక్కకముందే ఉత్తరం రాశావు, అది చాలా మంచి పని చేశావు. ఇంకా నొక్కొద్దు. గొట్టంలో సెల్ పెట్టి ఉంటే ముందు అది బయటికి తీసి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు అడిగినదానికి సూటిగా జవాబు ఇదీ: ల్యాప్‌టాప్ సెల్స్ వద్దు. 9800 సెల్ అసలే వద్దు. స్టవ్ తీగ వద్దు. మీటర్ చూపించిన 0.7 కూడా నమ్మొద్దు. ఎందుకో చెప్తాను. నేను చిత్తూరులో ఇరవై ఏళ్లుగా బ్యాటరీలతోనే బతుకుతున్నవాణ్ణి. ఇన్వర్టర్లతో మొదలుపెట్టి ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాకుల దాకా వచ్చాను. వేప్ తాగను, అమ్మను. కానీ నీ చేతిలో ఉన్న గొట్టంలో కరెంటు ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసు.

మీ బావ చెప్పిన మాట దగ్గర మొదలుపెడదాం. చిప్ లేదు కాబట్టి చెడిపోయేది ఏమీ లేదన్నాడు. నిజమే. అయితే ఆ చిప్ చేసే పని ఏమిటో ఆయన చెప్పలేదు. చిప్ ఉన్న పరికరంలో బటన్ నొక్కగానే ముందు కాయిల్ రెసిస్టెన్స్ చూసుకుంటుంది. మరీ తక్కువ ఉంటే, ఎక్కడైనా షార్ట్ ఉంటే, కరెంటు వదలదు. బటన్ ఇరుక్కుపోయి అలాగే ఉంటే కొన్ని సెకన్లలో తనే ఆపేస్తుంది. సెల్ బాగా దిగిపోతే ఇక పనిచేయనంటుంది. సెల్ తిరగేసి పెట్టినా కాపాడుతుంది. నీ గొట్టంలో ఇవేవీ లేవు. సెల్ ప్లస్ నుంచి కాయిల్‌కి, కాయిల్ నుంచి గొట్టం ఒంటికి, అక్కడినుంచి బటన్ మీదుగా సెల్ మైనస్‌కి. అంతే దారి. నువ్వు తప్పు చేసినా సరే, సెల్ తన దగ్గరున్న కరెంటంతా ఇచ్చేస్తుంది. ఆ చిప్ చేయాల్సిన లెక్కలన్నీ ఇప్పుడు నువ్వు చెయ్యాలి, బటన్ నొక్కిన ప్రతిసారీ. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతిలో పెట్టే వస్తువు కాదు ఇది. వేప్‌లు మామూలుగా అమ్ముడయ్యే దేశాల్లో కూడా, తెలిసినవాళ్లు కొత్తవాళ్లకి దీన్ని వద్దనే చెప్తారు.

లెక్క మాత్రం కష్టం కాదు. పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రమే. వోల్టేజిని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు. లిథియం సెల్ మీద 3.6 అనో 3.7 వోల్టులనో రాసి ఉంటుంది గానీ ఫుల్ చార్జిలో అది 4.2. లెక్క ఎప్పుడూ 4.2తోనే వెయ్యాలి. కాయిల్ 1 ఓమ్ అయితే 4.2 ఆంప్స్. 0.5 అయితే 8.4. 0.3 అయితే 14. 0.2 అయితే 21. 0.1 అయితే 42. పాయింటు తర్వాత ఒక్క అంకె దిగేకొద్దీ కరెంటు ఎంత ఎగబాకుతుందో చూశావుగా. ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడు. సెల్ ఆగకుండా ఎన్ని ఆంప్స్ ఇవ్వగలదో తయారీదారు ఒక హద్దు చెప్తాడు. సెల్ ఎంచుకోవడమంటే ఆ హద్దు చూసుకోవడమే. చాలామంది ఎంఏహెచ్ చూస్తారు. అది ట్యాంకులో ఎంత నీళ్లు పడతాయో చెప్తుంది, కుళాయి ఎంత లావో చెప్పదు.

నీ ఫ్రెండిచ్చిన ల్యాప్‌టాప్ సెల్స్ ఈ లెక్కలోనే తప్పిపోతాయి. ల్యాప్‌టాప్‌కి గంటల తరబడి నిదానంగా కరెంటు కావాలి, ఒక్కసారిగా గుమ్మరించక్కర్లేదు. అందుకని వాటిలో వాడే సెల్స్‌ని ఎక్కువ నిలవ ఉండేలా చేస్తారు, ఎక్కువ కరెంటిచ్చేలా కాదు. పాత ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపించే 2200 ఎంఏహెచ్ రకానికి హద్దు సుమారు 4.4 ఆంప్స్, అదీ కొత్తగా ఉన్నప్పుడు. నాలుగైదేళ్లు వాడి, ప్యాక్ చచ్చిపోయాక తీసిన సెల్‌కి ఆ శక్తి కూడా ఉండదు. లోపలి రెసిస్టెన్స్ పెరిగిపోయి ఉంటుంది, కరెంటు లాగేకొద్దీ ఆ వేడంతా దాని కడుపులోనే పుడుతుంది. ఆ పాత రకాల రసాయనం కోబాల్ట్ ఆక్సైడ్‌ది, వేడెక్కితే త్వరగా అదుపు తప్పే రకం. ఐదు సెల్స్‌లో ఏది మంచిదో వోల్టేజి చూసి తెలుసుకోలేవు. మీటర్‌లో 4.1 చూపించిన సెల్ కూడా లోపల పాడై ఉండొచ్చు.

9800 సెల్ సంగతి. 18650 అన్న పేరే కొలత. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. ఆ కాస్త చోటులో ఇప్పటికి ప్రపంచంలో పేరున్న కంపెనీలు పట్టించగలిగింది సుమారు 3500, 3600 ఎంఏహెచ్. అంతకు మించి 5000, 6800, 9800 అని రాసి ఉంటే ఆ రాసింది అబద్ధం. సామర్థ్యం గురించే అబద్ధం చెప్పినవాడు ఆంప్స్ గురించి నిజం రాస్తాడా? ఇలాంటివాటిలో చాలావరకు పాత ప్యాకుల్లోంచి తీసినవాటికి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసినవే. ఒక పరీక్ష చెప్తాను. మంచి 18650 సెల్ 45 నుంచి 48 గ్రాముల బరువుంటుంది. నీకు తెలిసిన బంగారు కొట్టులో త్రాసు మీద పెట్టి చూడు. ముప్పై చిల్లర గ్రాములు తూగితే నీ 150 రూపాయలు పోయినట్టే. బరువు సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు, తక్కువైతే మాత్రం చెడ్డదేనని ఖాయం.

ఫ్యాక్టరీ అడిగావు. అవును, మన తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనే మునోత్ కంపెనీ లిథియం అయాన్ సెల్ ప్లాంటు 2022లో ట్రయల్ ఉత్పత్తి మొదలుపెట్టింది. మనకి గర్వంగానే ఉంటుంది. కరకంబాడిలో అమరరాజా వాళ్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు చూస్తూ పెరిగినవాళ్లం, ఇప్పుడు లిథియం కూడా మన దగ్గరికి వచ్చింది. కానీ అక్కడ తయారయ్యేవి పవర్ బ్యాంకుల లాంటి వాటి కోసం చేసిన 10 ఆంపియర్ అవర్ సెల్స్. 10 అంటే పదివేల ఎంఏహెచ్. 18650లో పట్టేది ఎంతో ఇప్పుడే చెప్పుకున్నాం కదా, నీ గొట్టంలో అవి పట్టవని నీకే అర్థమవుతుంది.

ఇక నన్ను ఎక్కువ భయపెట్టింది నీ 0.7 ఓమ్స్. మామూలు మల్టీమీటర్ పుల్లల వైర్లకే కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. ఒక పని చెయ్యి, కాయిల్ వదిలేసి ఎర్ర పుల్లని నల్ల పుల్లకి తాకించు. సున్నా రావాలి కదా? 0.2, 0.3 వస్తుంది. పాత వైర్లయితే 0.5 కూడా వస్తుంది. అంటే మీటర్ చూపించిన 0.7లో 0.3 పుల్లలదైతే, నీ కాయిల్ 0.4 మాత్రమే. 0.7 అనుకుంటే 6 ఆంప్స్. అసలు 0.4 అయితే 10.5 ఆంప్స్. 4.4 దాటకూడని ల్యాప్‌టాప్ సెల్ మీద రెండింతలకు పైగా బరువు పెట్టబోయావు, అదీ మీటర్‌తో కొలిచి, జాగ్రత్తగా ఉన్నాననుకుంటూ. నీ తప్పేం లేదు. ఇంట్లో ఫ్యూజు చూసుకోవడానికి చేసిన మీటర్ అది, ఓమ్‌లో పదో వంతు తేడాలు పట్టుకోవడానికి కాదు. పైగా ఈ పొరపాటు ఎప్పుడూ ప్రమాదం వైపే తోస్తుంది. కాయిల్ అసలున్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కరెంటు తక్కువేలే అనిపిస్తుంది. ఈ పనికి కాయిల్ బిగించి చూసే ప్రత్యేకమైన ఓమ్ మీటర్ ఉంటుంది. అది లేకుండా చిప్ లేని గొట్టం వాడటమంటే స్పీడోమీటర్, బ్రేకు రెండూ లేని బండి తిరుమల ఘాట్‌లో దించడం లాంటిది.

రెండు కాయిల్స్ దగ్గర కూడా కొత్తవాళ్లు పొరబడతారు. రెండు చుట్టాను కాబట్టి రెసిస్టెన్స్ రెండింతలు అవుతుందనుకుంటారు. ఆటమైజర్‌లో రెండూ పక్కపక్కన, ప్యారలల్‌గా ఉంటాయి, అంటే సగానికి పడిపోతుంది. వేప్ కాయిల్స్‌కి వాడే అసలైన కాంతాల్ తీగ 26 గేజ్, 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుట్టి కాళ్లు బిగిస్తే సుమారు 0.8 ఓమ్స్ వస్తుంది. కరెంటు 5 ఆంప్స్ చిల్లర. అలాంటిదే రెండోది పక్కన బిగించగానే 0.4 అయి కరెంటు 10.5కి ఎక్కుతుంది. గేజ్ నంబరు తగ్గితే తీగ లావవుతుంది. అదే కొలతలతో 24 గేజ్‌లో ఒక్కటే 0.5 దగ్గర ఉంటుంది. నైక్రోమ్ తీగ అయితే ఇంకా తక్కువ వస్తుంది. చుట్లు లెక్కపెట్టి రెసిస్టెన్స్ ఊహించుకోవడం పనికిరాదు, అందుకే ఓమ్ మీటర్ అన్నాను. కాళ్లలో ఒకటి ఆటమైజర్ గోడకి తగిలినా చాలు, లెక్కలన్నీ పోయి నేరుగా షార్ట్.

స్టవ్ తీగ ఎందుకు వద్దన్నానంటే, అది ఏ లోహమో దాని మీద ఎక్కడా రాసి ఉండదు. వెయ్యి వాట్ల స్టవ్ కాయిల్ మొత్తం పొడవు 50 ఓమ్స్ పైచిలుకు ఉంటుంది, 230 వోల్టులకి అది సరిపోయేలా చేసింది. దాని మీద మనం గిన్నె పెడతాం, ఊపిరితిత్తులు పెట్టం. ఎర్రగా కాలే తీగ మీదుగా వచ్చే ఆవిరిని లోపలికి పీల్చబోతున్నావు. దానిలో ఏం కలిసిందో, పైన ఏ పూత ఉందో తెలియని తీగని అలా వాడటానికి ఏ లెక్కా ఒప్పుకోదు.

మరి సరైన సెల్ ఏది అని నువ్వు మళ్లీ అడుగుతావు. నువ్వు వేరే ఎవరి మాటో విని ఇంకా ఘోరమైనది వెయ్యకుండా ఉండాలని చెప్తున్నాను. ఆగకుండా 20 ఆంప్స్ ఇవ్వగలిగే రకాలు ఉన్నాయి. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్‌ది, ఎల్‌జీ హెచ్‌జీ2 3000 ఎంఏహెచ్‌ది, రెండింటికీ కంపెనీ చెప్పిన హద్దు 20. శాంసంగ్‌లోనే 30క్యూ 3000 ఎంఏహెచ్‌ది, దాని హద్దు 15. కొద్ది సెకన్లకి 30, 35 ఆంప్స్ అని రాసే పల్స్ అంకెలు వదిలెయ్, బటన్ ఇరుక్కున్నప్పుడు ఆ కొద్ది సెకన్లు ఎవరు ఆపుతారు? అనుభవజ్ఞులు ఆ హద్దులో సగం దాటకుండా చూసుకుంటారు, అంటే 20 ఆంప్స్ సెల్‌కి కాయిల్ అర ఓమ్ కంటే కిందికి దించరు. కానీ ఈ సెల్స్ చేసే కంపెనీలే ఒక మాట చెప్తున్నాయి: ఇవి ప్యాకుల్లో, రక్షణ సర్క్యూట్‌తో కలిపి వాడటానికి చేసినవి, విడిగా వేప్‌లలో వేసుకోవడానికి కాదని. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ కూడా 2021 జనవరిలో విడి 18650 సెల్స్ కొని వాడొద్దని హెచ్చరించింది. మన బజారులో అవే పేర్లతో నకిలీలు ఎన్ని తిరుగుతున్నాయో నేను రోజూ చూస్తున్నాను. పచ్చ తొడుగు మీద 25ఆర్ అని అచ్చు వేసుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. ఫలానా షాపులో అసలైనది దొరుకుతుందని నీకు ధైర్యంగా చెప్పలేను.

సరే, అసలైన సెల్ దొరికిందనుకో, కాయిల్ కుదిరిందనుకో. అప్పటికీ రెండు చోట్ల ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి ఆటమైజర్ అడుగున మధ్యలో ఉండే పిన్ను. నీ గొట్టంలాంటి చాలా వాటిలో ఆ పిన్ను నేరుగా సెల్ నెత్తి మీద ఆనుతుంది. ఆ పిన్ను చుట్టూ ఉన్న మరల అంచు కంటే స్పష్టంగా బయటికి పొడుచుకుని ఉండాలి. సమంగా ఉంటే, లేదా లోపలికి నొక్కుకుపోతే, మరల అంచే సెల్ ప్లస్‌ని నేరుగా తాకుతుంది, కాయిల్ లేకుండానే షార్ట్ అవుతుంది. 18650 సెల్‌కి ఒళ్లంతా మైనస్ అని చాలామందికి తెలియదు. అడుగు మాత్రమే మైనస్ అనుకుంటారు. ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న సన్నని అట్ట వాచరు, పైన ప్లాస్టిక్ తొడుగు, ఈ రెండే వాటిని విడదీసేవి. తొడుగు గోటితో గీసినంత చిరిగినా ఇత్తడి గొట్టం లోపల అది షార్టే. అప్పుడు నువ్వు బటన్ నొక్కక్కర్లేదు కూడా.

రెండోది ఆ గొట్టమే. సెల్ అదుపు తప్పితే లోపల పొరలు కరిగి, వేడి తనంతట తానే పెరుగుతూ, వాయువు కొడుతుంది. టార్చిలైటులో అయితే ప్లాస్టిక్ మూత ఎగిరిపోతుంది. రెండు వైపులా మరలు బిగించిన ఇత్తడి గొట్టంలో గాలి పోయే రంధ్రాలు లేకపోతే, లేదా నువ్వు పట్టుకున్నప్పుడు వేళ్లతో మూసుకుపోతే, ఆ ఒత్తిడి ఒక కొన నుంచి బద్దలు కొట్టుకుని వస్తుంది. పై కొన ఎప్పుడూ ముఖం వైపే ఉంటుంది. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకాయన ఇలాగే ఇంట్లో పోయాడు, అది మెకానికల్ రకమే. 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక అబ్బాయికి వేప్ పేలి ముక్క మెడ రక్తనాళం తెంచింది. అతని వయసు 24, నీ వయసే. నీ ఉత్తరంలో ఆ అంకె చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

జేబు సంగతి కూడా చెప్పాలి. అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 వరకు ఇలాంటి 195 ఘటనలు లెక్క తీస్తే, 61 సార్లు అది జేబులో ఉండగా జరిగింది. నాకు ఆ లెక్క చదవక్కర్లేదు. కొన్నేళ్ల క్రితం నా షాపులో పనిచేసే కుర్రాడు ఒక మంచి 18650 సెల్‌ని ప్యాంటు జేబులో వేసుకుని భోజనానికి లేచాడు. అదే జేబులో బండి తాళాలున్నాయి. గేటు దాటేలోపు కేక పెట్టాడు. తాళం సెల్ రెండు కొసలకీ తగిలింది. ప్యాంటు కాలి, తొడ మీద అరచేయంత చర్మం ఊడింది. నెలన్నర కట్లు కట్టించాం. వాళ్లమ్మకి నేనేం చెప్పాలి? "మీవాడు నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు" అని చెప్పి తీసుకొచ్చినవాణ్ణి. ఆ రోజు నుంచి మా షాపులో సెల్ ఏదైనా ప్లాస్టిక్ డబ్బీలో తప్ప చేతి నుంచి చేతికి మారదు. నీ దగ్గర ఇప్పుడు అలాంటివి ఆరు ఉన్నాయి. ఎక్కడ పెట్టావు? స్కూటీ డిక్కీలో అయితే వెంటనే తియ్యి. మన తిరుపతి ఎండలకి మేలో డిక్కీలో ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెడితే తెలుస్తుంది, పాత సెల్‌కి అది చాలు. విమానం ఎక్కే పనుంటే విడి సెల్స్ చెకిన్ బ్యాగులో పెట్టకూడదని కూడా గుర్తుంచుకో.

చట్టం మాట చివర్లో చెప్తున్నానని చిన్నదనుకోవద్దు. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటన, అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షల దాకా వెళ్తుంది. నిల్వకి వేరుగా ఆరు నెలల దాకా జైలు, లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. మీ బావ ప్రేమగానే తెచ్చాడు, కాదనను. కానీ సూట్‌కేసులో పెట్టి తెస్తే అది దిగుమతే అవుతుంది. ఆయనకి ఫోన్ చేసి, ఇంకోసారి ఎవరికీ తేవద్దని చెప్పు. సెల్, కాయిల్ కోసం నువ్వు వాకబు చెయ్యడం మొదలుపెడితే దొరికేవన్నీ దొంగచాటు సరుకే. లిక్విడ్ కూడా అంతే, సీసా మీద రాసిన నికోటిన్ ఎంత నిజమో ఎవరికీ తెలియదు. కొండ మీదికి పొగాకు ఏదీ తీసుకెళ్లకూడదని మన ఊరివాడివి, నీకు నేను చెప్పక్కర్లేదు. అలిపిరి తనిఖీలో సిగరెట్ పెట్టె ఎంతో, ఇదీ అంతే.

నువ్వు ఇంకో మాట అడగొచ్చు: ఇంగ్లండులో సిగరెట్ మానడానికి ప్రభుత్వమే వేప్‌లు ఇస్తోంది కదా అని. నిజమే. 2023లో అక్కడ పది లక్షల మందికి ఇస్తామని ప్రకటించారు కూడా. సిగరెట్ మానేవాళ్లకి అది ఉపయోగపడిందని అధ్యయనాలూ ఉన్నాయి. దాన్ని దాచను. కానీ అక్కడ ఇచ్చేది చిప్ ఉన్న, పరీక్షించిన చిన్న పరికరం, పక్కన ఒక సలహాదారు. నీ దగ్గరున్నది బజారు తీగతో చుట్టిన కాయిల్, చచ్చిన ల్యాప్‌టాప్ సెల్. పైగా ఇక్కడ చట్టం దానికి దారి ఇవ్వలేదు.

నీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించిన వాక్యం "మానేద్దామని ఉంది" అన్నది. దానికి కావలసినవి ఇక్కడే దొరుకుతాయి. మందుల షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ ఉంటుంది, 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాడివైతే ఆ మాట డాక్టరుకి చెప్పు, ఏది వాడాలో దాన్నిబట్టి ఉంటుంది. బబుల్‌గమ్‌లా ఆగకుండా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నమిలి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకుని, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అరగంట దాకా వస్తుంది. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగ్గా ఎక్కదు. షిఫ్టులో టీ బ్రేక్, సిగరెట్ కలిసే వస్తాయి కాబట్టి నీకు ఇక్కడే తేడా కొట్టేది. ముందు టీ తాగెయ్, పావుగంట ఆగి గమ్ వేసుకో. చర్మం మీద అంటించే ప్యాచ్‌లు కూడా ఉన్నాయి, డాక్టరు రాసిచ్చే మాత్రలూ ఉన్నాయి. రుయా ఆసుపత్రిలో ఛాతీ వైద్యుల ఓపీకి వెళ్లి ఐదేళ్లుగా రోజుకి పన్నెండు తాగుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడకు, వాళ్లు రోజూ వినే మాటే.

నువ్వు కొనే సిగరెట్ ప్యాకెట్ మీదే 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. అది మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్, ఉచితం. దక్షిణాది భాషల వాళ్ల కోసం బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో కేంద్రం ఉంది. ఎప్పుడు మానాలో తేదీ పెట్టుకోవడం దగ్గర నుంచి, తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో దాకా మాట్లాడతారు, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు బాగా లాగుతుంది. ఒక్కో కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది. షిఫ్టులో నీతో పాటు మానాలనుకునేవాడు ఇంకొకడు దొరికితే టెన్షన్ సగం తగ్గుతుంది, వెతుకు.

ఇక నీ చేతిలో ఉన్న సామాన్లు. ఆరు సెల్స్‌కీ రెండు కొసలా ఇన్సులేషన్ టేపు అంటించు. ఒక్కోదాన్ని విడిగా చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మంచం, దుప్పట్లు, గ్యాస్ స్టవ్ లేని చోట నేల మీద పెట్టు. చెత్తబండిలో వెయ్యొద్దు, బండిలో నలిగితే అక్కడ పనిచేసేవాళ్లకి ప్రమాదం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వు, నీ ఫ్రెండు ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాడైతే అతనికి దారి తెలిసే ఉంటుంది. అతనికి కూడా చెప్పు, ప్యాకుల్లోంచి తీసిన సెల్స్ ఎవరికీ ఊరికే పంచొద్దని. ఏ సెల్ అయినా ఉబ్బినా, వేడిగా తగిలినా, తియ్యటి వాసన వచ్చినా చేత్తో పట్టుకోకు. పొగ మొదలైతే ఇంట్లోవాళ్లతో బయటికి వచ్చెయ్, ఆ పొగ పీల్చకూడదు. 101కి ఫోన్ చెయ్యి. చిన్నదై, దూరం నుంచి పొయ్యగలిగితే నీళ్లు బాగా పొయ్యొచ్చు, చల్లబడటమే దానికి కావలసింది.

గొట్టాన్ని ఎవరికీ అమ్మకు, ఊరికే కూడా ఇవ్వకు. లోపల సెల్ లేదని రెండుసార్లు చూసుకుని, బటన్, ఆటమైజర్ విప్పదీసి, గొట్టాన్ని సుత్తితో చదును చేసి పాత ఇత్తడి కింద తూకానికి వేసెయ్. టేపు పని మాత్రం రేపటికి పెట్టకు, ఈ రాత్రి డ్యూటీకి వెళ్లేముందే చెయ్యి.